లాగిన్ దగ్గరే ఆగిపోతున్న జనం తరఫున డైరెక్టరీ సర్వర్ల తయారీదారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టరీ సర్వర్ల తయారీదారులకు, వాటిని కొని నడిపిస్తున్న సంస్థల ఐటీ విభాగాధిపతులకు,

నమస్కారం.

రిలేషనల్ డేటాబేస్ (సమాచారాన్ని పట్టికలుగా దాచే వ్యవస్థ) ఆధారంగా నడిచే ఎల్‌డాప్ డైరెక్టరీ సర్వర్ల గురించి ఈ లేఖ. డైరెక్టరీలోని వివరాలను వెతకడానికి, మార్చడానికి ఉన్న ప్రామాణిక పద్ధతి పేరు ఎల్‌డాప్. బోధనాసుపత్రి, అనుబంధ కళాశాలలు, పరిపాలనా కార్యాలయాలు అన్నీ ఒకే డైరెక్టరీ మీద ఆధారపడిన ఒక విశ్వవిద్యాలయంలో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. మా సర్వర్ నెమ్మదిస్తోందనీ, అంతకన్నా ముఖ్యంగా ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు చెబుతోందనీ సరఫరాదారుకు ఫిర్యాదు చేశాం. లాగ్‌లు (సర్వర్ తాను చేసిన పనుల గురించి రాసుకునే నమోదులు) పంపాం. ప్రాసెసర్లు పెంచమన్నారు, పెంచాం. మెమరీ పెంచమన్నారు, అదీ అయింది. చివరకు "ఉత్పత్తి రూపకల్పన ప్రకారమే పనిచేస్తోంది" అని ఒక్క వాక్యం రాసి ఫిర్యాదు మూసేశారు. ఇతర సంస్థల్లో ఇదే పని చేసే మిత్రులను అడిగితే వారి సర్వర్ వేరే కంపెనీది, వారికి అందిన జవాబు మాత్రం ఇదే. అందుకే ఏ ఒక్కరి పేరూ తీయకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

డైరెక్టరీ సర్వర్ సామాన్యుల కంటికి కనిపించే వస్తువు కాదు. విద్యార్థి హాల్ టికెట్ కోసం లాగిన్ అయినా, నర్సు రోగి రికార్డు తెరిచినా, గుమాస్తా జీతాల బిల్లు పెట్టినా "ఈ మనిషి ఎవరు, ఏ విభాగం, ఏమేం చూడవచ్చు" అన్న ప్రశ్నకు తెర వెనుక నుంచి జవాబు చెప్పేది అదే. అది తప్పు చెబితే నష్టం ఎవరికో ముందు చెబుతాను. సాంకేతిక విషయాలు తర్వాత.

1. పాస్‌వర్డ్ మార్చుకున్న విద్యార్థి బయటే నిలబడిపోతున్నాడు. మార్పు ప్రధాన సర్వర్‌లో నమోదవుతుంది, మరుక్షణం జరిగే లాగిన్ రెప్లికాకు (ప్రధాన సర్వర్ నకలుకు) వెళుతుంది. దానికి ఇంకా పాత పాస్‌వర్డే తెలుసు కాబట్టి కొత్తది తప్పంటుంది. అతను కంగారుపడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు, ఖాతాకు తాళం పడుతుంది. పరీక్ష ఫీజు గడువు చివరి సాయంత్రం ఇలా జరిగితే ఆలస్య రుసుము కట్టేది విద్యార్థి, వారి ఇంట్లోవాళ్లు.

2. వార్డు మారిన నర్సుకు కొత్త వార్డు రోగుల రికార్డులు తెరుచుకోవు. డైరెక్టరీలో ఆమె విభాగం పేరు మారి ఉంటుంది, ఆమె ఉన్న గ్రూపులు మాత్రం పాతవే వస్తాయి. ఆమె మంచం పక్కన నిలబడి ఫోన్లో మమ్మల్ని అడుగుతుంది. మేము మా తెర మీద చూస్తే అంతా సరిగ్గానే కనబడుతుంది. ఆమె చెప్పేదీ నిజమే, మేము చూసేదీ నిజమే. ఇద్దరికీ రెండు వేర్వేరు జవాబులు వచ్చాయంతే.

3. ఉద్యోగం వదిలి వెళ్లినవారి ఖాతా డైరెక్టరీలో మూసేసినా కొన్ని చోట్ల పనిచేస్తూనే ఉంటోంది. రోగుల వ్యాధి వివరాలు, విద్యార్థుల మార్కులు అంతసేపూ తెరిచిన తలుపుల వెనుక ఉన్నట్టే.

4. ఉదయం ఓపీ కౌంటర్ల వేళ చూడండి. గుమాస్తాలు, డాక్టర్లు, ల్యాబు సిబ్బంది అందరూ దాదాపు ఒకే సమయంలో లాగిన్ అవుతారు. ఒక్కో లాగిన్ కోసం సర్వర్ ముందు ఆ మనిషిని వెతకాలి, తర్వాత పాస్‌వర్డ్ సరిచూడాలి, ఆపై అతను ఏయే గ్రూపుల్లో ఉన్నాడో తేల్చాలి. ఈ మూడో అంచె దగ్గరే సర్వర్ చతికిలబడుతుంది. గుమాస్తా తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, కౌంటరు ఇవతల వరుస పెరుగుతూ ఉంటుంది. ఆ వరుసలో మొదటి బస్సుకు ఊరి నుంచి వచ్చినవాళ్లుంటారు. ఓపీ చీటీ అరగంట ఆలస్యమైతే రక్తపరీక్ష ఆ పూటకు దాటిపోతుంది, ఫలితం కోసం మర్నాడు మళ్లీ రావాలి. ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీలు పోతాయి. ఇది సర్వర్ వల్ల జరిగిందని వారికి ఎన్నటికీ తెలియదు. గుమాస్తాను తిట్టుకుని వెళ్లిపోతారు.

ఇక కారణం. మీరు నెమ్మదిని ఒక సమస్యగా, జవాబుల్లో తేడాను వేరే సమస్యగా చూస్తున్నారు. మొదటిదానికి హార్డ్‌వేర్ మందు రాస్తున్నారు, రెండోదాన్ని "రెప్లికేషన్‌లో సహజం" అంటున్నారు. మా లాగ్‌లను నెలల తరబడి చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే ఈ రెండింటికీ ప్రధానమైన వేరు ఒక్కటే. ఒక మనిషి ఎంట్రీని, అంటే డైరెక్టరీలో ఉన్న అతని వివరాలన్నిటినీ, మీరు ముక్కలుగా చదువుతున్నారు.

డైరెక్టరీలో ఒక మనిషికి రెండు ఫోన్ నంబర్లు, మూడు ఈమెయిళ్లు, పది గ్రూపులు ఉండవచ్చు. రిలేషనల్ డేటాబేస్‌లో ఇవన్నీ వేర్వేరు పట్టికల్లోకి వెళతాయి. అందులో తప్పేమీ లేదు. తప్పు చదివే తీరులో ఉంది. సర్వర్ ముందు ఒక క్వెరీతో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నతో) ఎంట్రీల జాబితా తెస్తుంది, తర్వాత ఒక్కో ఎంట్రీకి, ఒక్కో లక్షణానికి (ఫోన్, ఈమెయిల్ వంటి వివరానికి) విడివిడిగా క్వెరీ పంపుతుంది. 200 మంది ఉన్న విభాగాన్ని 12 లక్షణాలతో అడిగితే 2,400 క్వెరీలు, మొదటిదానితో కలిపి 2,401. ఒక్కోటి డేటాబేస్‌కు వెళ్లి రావడానికి అర మిల్లీసెకను పట్టినా 1.2 సెకన్లు ప్రయాణానికే పోతాయి. ఆ సమయంలో ప్రాసెసర్లు దాదాపు ఖాళీగానే ఉంటాయి. వాటి సంఖ్యను రెట్టింపు చేస్తే ఏమి మారుతుంది?

ఇప్పుడు జవాబుల్లో తేడా సంగతి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మార్చకపోతే ఉండే ఐసొలేషన్ స్థాయి (ఇతరుల మార్పులు ఎప్పుడు కనబడాలో చెప్పే నియమం) రీడ్ కమిటెడ్. అంటే ప్రతి క్వెరీ తాను మొదలైన క్షణానికి ఖరారైన డేటాను చూస్తుంది. మైసీక్వెల్ అనే మరో డేటాబేస్‌లోని ఇన్నోడీబీలో అది రిపీటబుల్ రీడ్, అంటే ఒక ట్రాన్సాక్షన్ (కలిపి ఒకేసారి ఖరారయ్యే పనుల కట్ట) అంతటా ఒకే క్షణపు డేటా కనబడే స్థాయి. అయినా, ఆటోకమిట్ (ఒక్కో క్వెరీ వెంటనే ఖరారయ్యే తీరు) మీద వదిలేస్తే ప్రతి క్వెరీ దానికదే ఒక ట్రాన్సాక్షన్, ఫలితం అదే. నర్సు ఎంట్రీలో మొదటి అయిదు లక్షణాలు చదివాక ఆమె బదిలీ ఖరారైందనుకోండి. మిగిలిన ఏడూ కొత్తవి వస్తాయి. అలా కలిసి వచ్చిన ఎంట్రీ ఏ క్షణంలోనూ డేటాబేస్‌లో లేనిది. 2006లో వచ్చిన ఎల్‌డాప్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4511 ఒక మాడిఫై (మార్పు) అభ్యర్థనలోని మార్పులన్నీ ఒకే అవిభాజ్య చర్యగా జరగాలని శాసించింది. మీ సర్వర్ రాసేటప్పుడు ఆ నియమాన్ని పాటిస్తోంది, చదివేటప్పుడు పోగొడుతోంది.

నెమ్మదిని కప్పిపుచ్చడానికి తర్వాత ఎంట్రీల క్యాష్ (ఒకసారి చదివినవాటిని మళ్లీ ఇచ్చేందుకు దాచుకునే చోటు) వచ్చింది. సర్వర్ వేగంగా కనబడింది. ముక్కలుగా చదివిన తప్పుడు ఎంట్రీ అప్పటిదాకా ఒక్క జవాబుతో పోయేది, ఇప్పుడు గడువు తీరేదాకా క్యాష్‌లో నిలిచి, అడిగిన ప్రతివారికీ అందుతోంది. వేగానికీ నిజానికీ పొత్తు కుదరదన్న వాదనను ఇందుకే ఒప్పుకోలేను. చదివే తీరు సరిదిద్దితే ఇంత పెద్ద క్యాష్ అవసరమే ఉండదు.

ఇది సాధ్యం కాని పని కాదు. ఐబీఎం డైరెక్టరీ సర్వర్ డీబీ2 డేటాబేస్ మీద, ఒరాకిల్ ఇంటర్నెట్ డైరెక్టరీ ఒరాకిల్ డేటాబేస్ మీద పెద్ద సంస్థల్లో నడిచాయి. ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ తయారుచేసేవారు తమ ఎస్‌క్యూఎల్ బ్యాకెండ్ (రిలేషనల్ డేటాబేస్ నుంచి డేటా తెచ్చే భాగం) గురించి నిజాయితీగా చెప్పారు. ఉన్న రిలేషనల్ డేటాను డైరెక్టరీ రూపంలో చూపించడమే దాని ప్రధాన ఉద్దేశమనీ, మామూలు బ్యాకెండ్‌కు బదులుగా వాడేందుకు దాన్ని రూపొందించలేదనీ పత్రాల్లోనే రాశారు. మీ ఉత్పత్తి పరిమితులను కూడా అంత స్పష్టంగా రాసి ఉంటే కొనేముందే మాకు తెలిసేది.

మా డిమాండ్లు ఇవి.

1. ఒక అభ్యర్థనకు ఇచ్చే జవాబంతా ఒకే స్నాప్‌షాట్ (ఒకే క్షణంలో ఉన్న డేటా) నుంచి రావాలి. చదవడానికి మాత్రమే తెరిచిన రిపీటబుల్ రీడ్ ట్రాన్సాక్షన్‌లో మొత్తం వెతుకులాట జరగాలి. చాలా పెద్ద ఫలితాలకు అది భారమైతే కనీసం ఒక్కో ఎంట్రీ వరకైనా ఈ హామీ ఇవ్వండి, ఏది ఇస్తున్నారో పత్రాల్లో రాయండి.

2. గుంపుగా చదవండి. 200 ఎంట్రీల గుర్తింపు సంఖ్యలను ఒకేసారి ఇచ్చి పట్టికకు ఒక క్వెరీ చొప్పున అడిగితే 12, జాబితా క్వెరీతో 13. రెండువేల నాలుగువందలకూ పదమూడుకూ ఉన్న తేడా ఏ ప్రాసెసరూ తీర్చేది కాదు.

3. సంస్థ, విభాగం, మనిషి అని కొమ్మలుగా ఉండే డైరెక్టరీ చెట్టులో వెతికే పద్ధతిని మార్చండి. డైరెక్టరీ పేరు మనిషితో మొదలై, విభాగం మీదుగా సంస్థతో ముగుస్తుంది. "ఈ విభాగం కింద ఉన్నవారందరూ" అని అడిగితే పేరు చివరి భాగాన్ని పోల్చాలి. మామూలు బీ-ట్రీ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి క్రమంలో పేర్చిన సూచిక) మొదటి అక్షరాల నుంచి వెతకడానికే పనికివస్తుంది, చివరి నుంచి వెతకమంటే పట్టిక మొత్తం తిరగేస్తుంది. ఓపెన్‌ఎల్‌డాప్ ఎస్‌క్యూఎల్ బ్యాకెండ్‌లో దీనికొక చక్కని ఉపాయం ఉంది: పేరును తిరగేసి, పెద్దక్షరాల్లోకి మార్చి వేరే నిలువు వరుసలో దాచుకుంటే చివర మొదలవుతుంది, ఇండెక్స్ పనిచేస్తుంది. ఐబీఎం వారిది మరో దారి. ప్రతి ఎంట్రీకి దాని పై ఎంట్రీలన్నిటితో జతలు కట్టి ఒక పట్టికలో ఉంచారు. మొదటి పద్ధతిలో ఒక విభాగాన్ని వేరే చోటికి మారిస్తే దాని కింది పేర్లన్నీ తిరిగి రాయాలి, రెండోదానిలో జతలు తిరిగి కట్టాలి. ఏదైనా సరే, ఎంచుకుని దాని ఖర్చు మాకు చెప్పండి. డేటాబేస్ క్వెరీ ప్లానర్ (జవాబు ఏ దారిలో వెతకాలో ఎంచుకునే భాగం) ఇలాంటి పట్టికల దగ్గర తప్పటడుగు వేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ జతల పట్టికలో 9 పక్కన 18 సున్నాలన్ని వరుసలున్నట్టు డీబీ2 గణాంకాల్లో కావాలనే రాయమని ఐబీఎం ట్యూనింగ్ సూచనల్లో ఉండేది. ప్లానర్ ఆ పట్టిక నుంచి మొదలుపెట్టకుండా ఉండేందుకు అలా చేశారు. ఈ స్థాయి వివరం మీ పత్రాల్లో ఒక్కటీ లేదు.

4. మార్పుల చిట్టాను సరిగ్గా రాయండి. ఎంట్రీలో మార్పు, చిట్టాలో దాని వరుస ఒకే ట్రాన్సాక్షన్‌లో ఖరారు కావాలి. క్యాష్‌ను ఖాళీ చేయడం, రెప్లికాకు పంపడం రెండూ ఆ చిట్టాను చూసే జరగాలి. అందులో ఒక గుంత ఉంది, మీ సర్వర్ దానిలో పడుతోందని మా లాగ్‌లు చూపిస్తున్నాయి. చిట్టా వరుసలకు డేటాబేస్ సీక్వెన్స్ (వరుస అంకెలు ఇచ్చే ఏర్పాటు) నుంచి అంకెలు ఇస్తారు. అంకె తీసుకున్న క్రమం ఒకటి, ట్రాన్సాక్షన్లు ఖరారైన క్రమం మరొకటి. 101 తీసుకున్న ట్రాన్సాక్షన్ ఇంకా పనిలో ఉండగా 102 తీసుకున్నది ముందే ఖరారు కావచ్చు. ఆ క్షణంలో చిట్టా చదివిన రెప్లికా "102 వరకూ అందింది" అని రాసుకుంటుంది. తర్వాత 101 ఖరారవుతుంది, దానికేసి ఎవరూ చూడరు. ఆ 101లో ఉన్నది ఒక ఖాతా మూసివేత అయితే ఆ ఖాతా రెప్లికాలో శాశ్వతంగా బతికే ఉంటుంది. దీన్ని ఆలస్యం అనడానికి వీల్లేదు, ఆ మార్పు పోయినట్టే. ఖరారైన క్రమంలోనే చదివే ఏర్పాటు చేయండి. డేటాబేస్ లాగ్ నుంచి లాజికల్ డీకోడింగ్‌తో (ఖరారైన మార్పులను వరుసగా బయటికి తీసే పద్ధతితో) చదివినా సరే, ఇంకా పూర్తికాని అతి చిన్న అంకె దాటకుండా ఆగినా సరే.

5. రాసినవారికి తాము రాసింది కనబడాలి. పాస్‌వర్డ్ మార్చిన ఖాతా లాగిన్‌ను, రెప్లికా ఆ మార్పును అందుకునేదాకా ప్రధాన సర్వర్‌కే పంపండి. ఖాతా మూసివేతలు, పాస్‌వర్డ్ మార్పులు మిగిలిన మార్పుల వెనుక వరుసలో నిలబడకూడదు.

6. లాగిన్ అంటే చదవడం మాత్రమే అన్న అంచనా వదులుకోండి. 1990ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎల్‌డాప్ రూపుదిద్దుకున్నప్పుడు చదవడాలే ఎక్కువ, రాయడాలు అరుదు. నేడు చివరి లాగిన్ సమయం, తప్పు ప్రయత్నాల లెక్క ప్రతిసారీ రాయాల్సి వస్తోంది. ఇవి ఎంట్రీ ఉన్న పట్టికలోనే పడితే ఉదయపు రద్దీలో చదివేవారి క్యాష్ కూడా పదే పదే చెల్లకుండా పోతుంది. వేరే పట్టికలో పెట్టండి. చివరి లాగిన్ సమయాన్ని కొంత ఆలస్యంగా గుంపుగా రాసినా నష్టం లేదు. తప్పు ప్రయత్నాల లెక్కను మాత్రం వాయిదా వేయకండి, అది భద్రతకు సంబంధించినది.

7. పెద్ద గ్రూపుల్లో ఒక సభ్యుణ్ణి చేర్చడానికి సభ్యుల జాబితా అంతా తిరగరాయకండి. మైక్రోసాఫ్ట్ వారి డైరెక్టరీ సర్వర్ అయిన విండోస్ 2000 యాక్టివ్ డైరెక్టరీలో గ్రూపుకు 5,000 మందిని మించవద్దని సూచన ఉండేది, ఎందుకంటే జాబితా అంతా ఒకే విలువగా రెప్లికాలకు వెళ్లేది. విండోస్ సర్వర్ 2003లో సభ్యులను ఒక్కొక్కరుగా పంపే పద్ధతి తెచ్చారు. రిలేషనల్ పట్టికలో సభ్యత్వం ఎలాగూ ఒక్కో వరుసే. పునాది ఇంత అనుకూలంగా ఉండగా మీరు ఆ పాత ఇబ్బందినే మళ్లీ తెచ్చిపెట్టారు.

8. తెలుగు పేర్లతో పరీక్షించండి. శైలజ అన్న పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో (అక్షరాలకు కంప్యూటర్ వాడే సంకేతాల ప్రమాణంలో) ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒక్కటే. పోల్చేముందు వీటిని ఒకే రూపంలోకి తేవాలని మరో ఎల్‌డాప్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4518 చెబుతోంది. శ్రీనివాస్‌రావు వంటి పేర్లలో పొల్లు తర్వాత మనం పెట్టే కనబడని విడదీత సంకేతాన్ని కూడా పోలికలో లెక్కలోకి తీసుకోవద్దంటోంది. మీ సర్వర్ పోలికను డేటాబేస్‌కు వదిలేస్తోంది, డేటాబేస్ బైట్లను పోల్చి "అలాంటి పేరు లేదు" అంటోంది. దాంతో అదే మనిషికి రెండో ఖాతా తెరుస్తున్నారు, ఆమె మార్కులు ఒక ఖాతాలో, హాజరు మరో ఖాతాలో పడుతున్నాయి. సరిచేసిన రూపాన్ని వేరే నిలువు వరుసలో ఉంచి దానికే ఇండెక్స్ పెట్టండి.

9. సగటు వేగం ప్రకటించడం ఆపండి. రాతలు జరుగుతుండగా, వందలో తొంభై తొమ్మిది అభ్యర్థనలు ఎంత సమయంలోపు పూర్తవుతున్నాయో చెప్పండి. అదే పరీక్షలో ముక్కలుగా వచ్చిన ఎంట్రీలు ఎన్నో కూడా లెక్కపెట్టి ప్రకటించండి. ఆ పరీక్ష కష్టమేమీ కాదు: ఒక ఎంట్రీలో రెండు లక్షణాలకు ఎప్పుడూ ఒకే అంకె రాస్తూ పోవాలి, మరో వైపు నుంచి చదువుతూ ఆ రెండూ వేర్వేరుగా వచ్చిన ప్రతిసారీ లెక్కవేయాలి. అది సున్నా కావాలి.

ఐటీ విభాగాధిపతులకు విడిగా రెండు మాటలు. టెండర్లలో ప్రాసెసర్లు, మెమరీ, వినియోగదారుల సంఖ్య రాస్తున్నారు, పైన చెప్పిన స్నాప్‌షాట్ హామీని, ఆ సున్నా పరీక్షను ఎవరూ అడగడం లేదు. వచ్చే టెండరులో చేర్చండి. రెండోది, సిబ్బంది నమోదు సాఫ్ట్‌వేర్ నుంచి డైరెక్టరీ పట్టికల్లోకి నేరుగా ఎస్‌క్యూఎల్‌తో (డేటాబేస్ భాషతో) రాయడం ఆపించండి. అలా రాసిన మార్పు సర్వర్ చిట్టాలోకి ఎక్కదు, క్యాష్‌కూ రెప్లికాకూ తెలియదు. తప్పనిసరి అయితే ట్రిగ్గరు (పట్టికలో మార్పు రాగానే తనంతట పనిచేసే ఏర్పాటు) పెట్టి చిట్టాలోకి వచ్చేలా చేయండి. తయారీదారుల బాధ్యత ఎంత పెద్దదైనా ఈ ఒక్కటి మన చేతిలో ఉన్నదే.

ఈ తొమ్మిది అంశాల్లో మీ ఉత్పత్తి నేడు పాటిస్తున్నవి ఏవి, ఏ వెర్షన్‌లో ఏది సరిదిద్దుతారు, ఏది సరిదిద్దలేరు అన్నది మూడు నెలల్లోగా రాతపూర్వకంగా అందరికీ కనబడేలా ప్రకటించాలని కోరుతున్నాం. కుదరదని చెప్పినా అంగీకరిస్తాం, కారణం రాయండి. 101, 102 తారుమారైన లాగ్‌లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మూసేసిన మా ఫిర్యాదును తిరిగి తెరిస్తే వాటిని మళ్లీ పంపుతాం, మీ ఇంజినీర్లతో కూర్చుని పరీక్షలు చేయడానికి మా సిబ్బంది సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు
ఒక విశ్వవిద్యాలయ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్